రాష్ట్రపతి పదవికి ఎవరు అర్హులు, ఎన్నాళ్లు ఉంటారు: గోదావరి జిల్లాల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రిలో, భీమవరంలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు, పొద్దున్నే పేపరు ముందేసుకుని చర్చకు దిగే పెద్దలు, గల్ఫ్ నుంచి ఫోన్ చేసే కుర్రాళ్లు రాష్ట్రపతి పదవి గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట ముందుగా. రాజ్యాంగం పెట్టిన అర్హతలు చాలా కొద్ది. అసలు వడపోత నామినేషన్ దగ్గర, ఓట్ల దగ్గర జరుగుతుంది. అర్హత ఉండటం, గెలిచే అవకాశం ఉండటం వేరు వేరు సంగతులు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం అనుమానాలు పుడుతున్నాయి.

## పోటీకి ముందు: ఎవరు అర్హులు

రాష్ట్రపతి కావడానికి ఏమేం ఉండాలండి? సూటిగా చెప్పండి.

ఆర్టికల్ 58 మూడే అడుగుతుంది. భారత పౌరులై ఉండాలి. 35 ఏళ్లు నిండాలి. లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి. వీటికి తోడు ఒక నిషేధం ఉంది: కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వం, వాటి అదుపులో ఉండే స్థానిక సంస్థలు, ఇతర సంస్థల కింద లాభదాయక పదవిలో ఉండకూడదు.

అంతే. కులం, మతం, ఆడా మగా తేడా, ఆస్తి, చదువు, మాతృభాష ఏదీ ఈ జాబితాలో లేదు. లంక గ్రామంలో కొబ్బరి దింపు తీసే మనిషికీ, ఢిల్లీలో సీనియర్ లాయరుకీ చట్టం దగ్గర ఒకటే కొలత. పిల్లలకి ఈ సంగతి గట్టిగా చెబుతుంటాను. చాలామంది ఈ పాఠాన్ని తమకు సంబంధం లేని పెద్దవాళ్ల వ్యవహారంలా బట్టీ పడతారు. అది బాధ కలిగిస్తుంది.

నాకు ఇంకో నెలలో 35 నిండుతాయి. ఇప్పుడే నామినేషన్ వేసేయొచ్చా?

నామినేషన్ల పరిశీలన జరిగే రోజుకి 35 నిండి ఉండాలి. ఆ రోజుకి ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు. పోలింగ్ నాటికి నిండుతుందనే వాదన పనిచేయదు. ఇంతవరకు అంత చిన్న వయసులో ఎవరూ రాష్ట్రపతి కాలేదు. బాధ్యతలు తీసుకునేనాటికి అందరికంటే తక్కువ వయసున్నవారు నీలం సంజీవరెడ్డి, ద్రౌపది ముర్ము. ఇద్దరికీ అప్పటికి 64 ఏళ్లు. సంజీవరెడ్డి కంటే ముర్ము మరికొంచెం చిన్న.

డిగ్రీ లేకపోతే కుదరదా?

కుదురుతుంది. ఏ చదువూ అక్కర్లేదు.

ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని మా ఊళ్లో అంటున్నారు. రాష్ట్రపతికి కూడా ఆ రూల్ ఉందా?

లేదు, ఎప్పుడూ లేదు. ఆ నిబంధన మన రాష్ట్రంలో పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు మాత్రమే ఉండేది. 2024లో అసెంబ్లీ దాన్ని కూడా ఎత్తేసింది. లోక్‌సభకు ఆ షరతు లేదు కాబట్టి రాష్ట్రపతికీ లేదు. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారికి పద్నాలుగురు సంతానం.

నా ఓటు అమలాపురంలో ఉంది. అది ఎస్సీ రిజర్వుడ్ స్థానం, నేను ఎస్సీని కాదు. నాకు లోక్‌సభ అర్హత లేనట్టేనా?

ఉంది. లోక్‌సభకు పోటీ చేయాలంటే దేశంలో ఏదో ఒక పార్లమెంటు నియోజకవర్గంలో ఓటరై ఉంటే చాలు. అమలాపురం ఓటరు నరసాపురంలో నిలబడొచ్చు, కాశీలోనూ నిలబడొచ్చు. రాష్ట్రపతి పదవికి ఈ అర్హతే చూస్తారు. నామినేషన్‌తో పాటు ఓటరు జాబితాలో మీ పేరున్న పేజీకి ధృవీకరించిన నకలు జత చేయాలి. మీ ఓటు ఏ ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు, జాబితాలో ఉందా లేదా అన్నదే చూస్తారు.

రాష్ట్రపతి పదవికి రిజర్వేషన్ లేదు. ఎస్సీలైన కె.ఆర్. నారాయణన్ 1997లో, రామ్‌నాథ్ కోవింద్ 2017లో, ఎస్టీ అయిన ద్రౌపది ముర్ము 2022లో అందరితో పాటు ఒకే పోటీలో గెలిచారు.

మా అబ్బాయి కువైట్‌లో పనిచేస్తున్నాడు. తోడల్లుడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. వీళ్లకి అర్హత ఉంటుందా?

మీ అబ్బాయి దగ్గర భారత పాస్‌పోర్టే ఉంటే అతను భారత పౌరుడే. విదేశాల్లో ఉండేవాళ్లు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులో ఉన్న సొంతూరి చిరునామాతో ఓటరుగా నమోదు కావచ్చు. పేరు ఎక్కితే ఓటరు అన్న షరతు తీరుతుంది.

మీ తోడల్లుడి సంగతి వేరు. మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉంటే వీసా లేకుండా రావచ్చు, ఉండొచ్చు. కానీ ఓటు లేదు, పోటీ చేసే హక్కూ లేదు.

అమెరికాలో లాగా ఇక్కడే పుట్టి ఉండాలా?

అక్కర్లేదు. అమెరికాలో అధ్యక్షుడు పుట్టుకతో పౌరుడై ఉండాలి, ఆ దేశంలో 14 ఏళ్లు నివాసం ఉండాలి. మన రాజ్యాంగం పౌరసత్వం ఎలా వచ్చిందని అడగదు. వేరే దేశంలో పుట్టి, చట్ట ప్రకారం ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు కూడా అర్హులే. 35 ఏళ్ల వయసు రెండు దేశాల్లోనూ ఒకటే కావడం వల్ల మిగతా షరతులు కూడా ఒకటే అనుకుంటున్నారు.

నేను జిల్లా పరిషత్ స్కూల్లో టీచర్ని. సెలవు పెట్టి పోటీ చేయొచ్చా?

సెలవు సరిపోదు, రాజీనామా చేయాలి. ప్రభుత్వ ఉద్యోగం లాభదాయక పదవి కిందికి వస్తుంది. సచివాలయ సిబ్బందికైనా, ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగికైనా ఇదే వర్తిస్తుంది. సొంత వ్యాపారం, చేపల చెరువులు, ప్రైవేటు కంపెనీ ఉద్యోగం అడ్డు కావు. రిటైరై పెన్షన్ తీసుకునేవారికి ఇబ్బంది లేదు, వాళ్లు పదవిలో లేరు కదా.

మరి మంత్రులు, గవర్నర్లు, ఎంపీలు పదవిలో ఉండగానే ఎలా పోటీ చేస్తారు?

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్, కేంద్ర మంత్రి, రాష్ట్ర మంత్రి పదవులను లాభదాయక పదవులుగా లెక్కించకూడదని ఆర్టికల్ 58 వివరణలోనే రాసి ఉంది. అందుకే వాళ్లు రాజీనామా చేయకుండా పోటీ చేయొచ్చు. ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ గెలిస్తే, రాష్ట్రపతిగా బాధ్యతలు తీసుకున్న రోజునే ఆ సీటు ఖాళీ అయినట్టు లెక్క. ఓడిపోతే సీటు అలాగే ఉంటుంది.

మన రాజమండ్రి ఆయన ఒకరు రాష్ట్రపతికి పోటీ చేశారంటారు. నిజమేనా?

నిజమే. కోకా సుబ్బారావు గారు. 1902లో రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్లి 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకి లేదని 1967 ఫిబ్రవరిలో వచ్చిన గోలక్‌నాథ్ తీర్పు ఆయన నాయకత్వంలోని ధర్మాసనానిదే. అదే ఏడాది ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా జాకిర్ హుస్సేన్ మీద నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్‌కి 4,71,244 ఓట్ల విలువ (ఒక్కో ఓటుకి ఒక్కో విలువ ఉంటుంది, ఆ లెక్క కింద చెప్పాను) వస్తే ఈయనకి 3,63,971 వచ్చాయి.

అర్హతల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మినహాయింపు ఉన్న పదవుల జాబితాలో ప్రధాన న్యాయమూర్తి పదవి లేదు. మంత్రిగా ఉన్నా, గవర్నర్‌గా ఉన్నా కుర్చీలో కూర్చునే పోటీ చేయొచ్చు గానీ, న్యాయమూర్తి కుర్చీ దిగాల్సిందే. ఆయన ఎన్నిక ఫలితం తెలియకముందే దేశంలో అత్యున్నత న్యాయపదవిని వదులుకున్నారు. గోదావరి గట్టున పుట్టిన మనిషి అంత దూరం వెళ్లారని మన పిల్లల్లో చాలామందికి తెలియకపోవడం అన్యాయం.

ఉపరాష్ట్రపతికి కూడా ఇవే అర్హతలా?

ఒక్క తేడా. ఉపరాష్ట్రపతికి లోక్‌సభకు బదులు రాజ్యసభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలి. వయసు, పౌరసత్వం, లాభదాయక పదవి నిషేధం ఒకటే. ఓటర్లు మాత్రం ఉభయ సభల ఎంపీలు, నామినేటెడ్ వారితో సహా. ఎమ్మెల్యేలకు అందులో ఓటు లేదు.

## నామినేషన్ దశ

నామినేషన్ కాకినాడ కలెక్టరేట్‌లో వేయొచ్చా?

కుదరదు. ఢిల్లీలోనే వేయాలి. లోక్‌సభ సెక్రటరీ జనరల్, రాజ్యసభ సెక్రటరీ జనరల్ వంతులవారీగా రిటర్నింగ్ అధికారిగా ఉంటారు. 2022లో రాజ్యసభ వంతు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 లోపు అభ్యర్థి గానీ, ప్రతిపాదించినవారిలో లేదా బలపరిచినవారిలో ఒకరు గానీ స్వయంగా అందించాలి. ఒకరి తరఫున నాలుగు సెట్లకు మించి తీసుకోరు.

ఎంతమంది సంతకాలు కావాలి? ఊళ్లోవాళ్లు పెడితే చెల్లవా?

చెల్లవు. ఆ ఎన్నికలో ఓటున్నవాళ్లే సంతకం పెట్టాలి, అంటే ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు. 50 మంది ప్రతిపాదించాలి, వేరే 50 మంది బలపరచాలి. ఒక్కొక్కరు ఒక్క నామినేషన్ మీదే సంతకం పెట్టొచ్చు. రెండింటి మీద పెడితే ముందు అందిన దాని మీదిదే చెల్లుతుంది.

మామూలు మనిషి ఆగిపోయేది ఇక్కడే. పాత ఉభయ గోదావరి జిల్లాల్లో 34 మంది ఎమ్మెల్యేలు, మన ప్రాంతంలో ఐదుగురు లోక్‌సభ సభ్యులు. అందరూ పార్టీలు మరిచిపోయి సంతకం పెట్టినా 39 అవుతాయి. ప్రతిపాదకుల లెక్కే తీరదు.

ఇంత కఠినంగా ఎందుకు పెట్టారు? ఇది ప్రజాస్వామ్యానికి మంచిదేనా?

మొదట్లో ఒకరు ప్రతిపాదించి ఒకరు బలపరిస్తే సరిపోయేది. 1967లో 17 మంది, 1969లో 15 మంది బరిలో నిలిచారు. వారిలో చాలామందికి చెప్పుకోదగ్గ ఓట్లు రాలేదు. గెలుపు ఆశ లేనివాళ్లు కోర్టుకెక్కడం కూడా మామూలైపోయింది. అందుకని 1974లో పది మంది ప్రతిపాదకులు, పది మంది బలపరిచేవారు, 2,500 రూపాయల డిపాజిట్ అన్నారు. 1997లో దాన్ని 50, 50, 15,000 చేశారు.

నా అభిప్రాయం అడిగితే డిపాజిట్ ఫర్వాలేదు, వంద సంతకాలు మాత్రం ఎక్కువే. పార్టీ అండ లేని గౌరవనీయులు పోటీలోకి రావాలంటే దారి దాదాపు మూసుకుపోయింది. అయితే ఇది పార్లమెంటు చేసిన చట్టం, రాజ్యాంగం పెట్టిన షరతు కాదు. మామూలు చట్ట సవరణతో మార్చుకోవచ్చు.

డిపాజిట్ ఎప్పుడు పోతుంది?

గెలవడానికి కావలసిన ఓట్ల విలువలో ఆరో వంతు దాటకపోతే 15,000 రూపాయలూ పోతాయి. 2022లో గెలుపుకి 5,28,491 కావాలి. అంటే 88 వేల పైచిలుకు వచ్చినవారికి డిపాజిట్ దక్కుతుంది.

ఎవరైనా పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారా?

ఒక్కరే, నీలం సంజీవరెడ్డి. 1977లో 37 నామినేషన్లు వస్తే పరిశీలనలో మిగతావన్నీ తిరస్కరించారు, ఈయనది ఒక్కటే మిగిలింది. అంతకు కొన్ని నెలల ముందు నంద్యాల నుంచి గెలిచి లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో జనతా పార్టీ గెలిచిన సీటు అదొక్కటే.

## ఓటింగ్, లెక్కింపు

మన ఓటుతో రాష్ట్రపతిని ఎందుకు ఎన్నుకోం?

మన దేశంలో పాలన మంత్రిమండలిది. రాష్ట్రపతి దాని సలహా ప్రకారం నడుచుకోవాలి. నేరుగా కోట్ల ఓట్లతో గెలిచిన రాష్ట్రపతి ఒకవైపు, లోక్‌సభ బలంతో ఉన్న ప్రధాని ఒకవైపు ఉంటే ఇద్దరికీ పోటీ పడుతుంది. అందుకే మనం గెలిపించినవాళ్లే మన తరఫున ఓటేసేలా పెట్టారు. ఎన్నికైన ఎంపీలు, రాష్ట్రాల ఎన్నికైన ఎమ్మెల్యేలు, ఢిల్లీ, పుదుచ్చేరి ఎమ్మెల్యేలు కలిపి 2022లో 4,809 మంది ఓటర్లు.

మేం గ్రాడ్యుయేట్లం గెలిపించిన ఎమ్మెల్సీ గారికి ఓటు ఉండదా?

ఉండదు. శాసనమండలి అన్ని రాష్ట్రాల్లో లేదు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. రాజ్యసభలో రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యులకూ ఓటు లేదు.

మా ఎమ్మెల్యే ఓటు విలువ 159 అంటారు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

రాష్ట్ర జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, వచ్చిన దాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. జనాభా అంటే ఇప్పటిది కాదు, 1971 లెక్కలది. 2026 తర్వాత జరిగే తొలి జనగణన అంకెలు వచ్చేదాకా 1971వే వాడాలని రాజ్యాంగం చెబుతోంది. విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కి ఆ లెక్క ప్రకారం 2,78,00,586 మంది. 175తో, తర్వాత వెయ్యితో భాగిస్తే 158.86. సగం దాటింది కాబట్టి 159. రాష్ట్రం కలిసున్నప్పుడు 294 మందితో ఇదే విలువ 148. తెలంగాణది ఇప్పుడు 132.

దేశంలోని ఎమ్మెల్యేలందరి విలువలూ కూడి ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ వస్తుంది. 2017లో 708. 2022లో జమ్మూకశ్మీర్‌కి అసెంబ్లీ లేకపోవడంతో 700కి తగ్గింది. రాష్ట్రాలన్నిటి బరువూ, పార్లమెంటు బరువూ దాదాపు సమానంగా ఉండాలన్నదే ఈ లెక్క ఉద్దేశం.

యానాం ఎమ్మెల్యేకి కూడా ఓటుందా? ఆయనది ఎంత?

ఉంది. యానాం మన డెల్టాలోనే ఉన్నా పుదుచ్చేరిలో భాగం. 1992లో 70వ సవరణ ద్వారా ఢిల్లీ, పుదుచ్చేరి ఎమ్మెల్యేలకు ఈ ఓటు ఇచ్చారు. పుదుచ్చేరిలో 30 మంది ఎన్నికైన ఎమ్మెల్యేలు, ఒక్కొక్కరి విలువ 16. ఎదుర్లంక వంతెన దాటి ఇవతలికి వస్తే ముమ్మిడివరం ఎమ్మెల్యే ఓటు 159. ఒకే గౌతమి, ఒకే భాష, అయినా విలువలో పది రెట్లకు దగ్గర తేడా. ఎమ్మెల్యే ఎంతమంది జనానికి ప్రతినిధో దాన్ని బట్టే ఓటు విలువ, కాబట్టి ఇది అన్యాయం కాదు. అక్కడ కేంద్రం నామినేట్ చేసే సభ్యులకు మాత్రం ఓటు లేదు.

పార్టీ చెప్పినట్టు ఓటేయకపోతే ఎమ్మెల్యే పదవి పోతుందా?

పోదు. ఇది రహస్య ఓటింగ్. పార్టీలు విప్ జారీ చేయడానికి లేదు.

బ్యాలట్ మీద తెలుగు అంకె వేయొచ్చా?

వేయొచ్చు. ఈ ఎన్నికలో అభ్యర్థుల పేర్ల ఎదురుగా ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం అంకెల్లో ఇస్తారు. 1 అని గానీ, ౧ అని గానీ, రోమన్ అంకె గానీ చెల్లుతుంది. "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదా రంగు సిరా పెన్నుతోనే గుర్తించాలి. ఎంపీలకు ఆకుపచ్చ బ్యాలట్, ఎమ్మెల్యేలకు గులాబీ రంగు.

రెండో ప్రాధాన్య ఓటు వల్ల నిజంగా ఫలితం తేలిన సందర్భం ఉందా?

ఉంది, 1969. అదీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి స్వతంత్రుడిగా, అనంతపురం జిల్లా ఇల్లూరుకి చెందిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలబడ్డారు. ప్రధాని ఇందిరాగాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. గెలవాలంటే 4,18,169 కావాలి. తొలి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కి 1,12,769 వచ్చాయి. ఎవరూ హద్దు దాటలేదు. వెనకబడినవాళ్లను ఒక్కొక్కరినే తప్పించి, వాళ్ల బ్యాలట్లలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుందో చూసి కలిపారు. చివరికి గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427. చెల్లిన ఓట్ల విలువలో సగం కంటే ఒకటి ఎక్కువ రావాలన్న నియమం లేకపోతే గిరి మొదటి రౌండులోనే గెలిచినట్టు ప్రకటించేవారు. కాంగ్రెస్ ఆ ఏడాదే రెండుగా చీలింది.

## పదవిలోకి, పదవీకాలం

ఐదేళ్లు ఎప్పటి నుంచి లెక్క? గెలిచిన రోజు నుంచా?

కాదు, బాధ్యతలు స్వీకరించిన రోజు నుంచి. భారత ప్రధాన న్యాయమూర్తి సమక్షంలో, ఆయన లేకపోతే సుప్రీంకోర్టులో అందుబాటులో ఉన్న సీనియర్ న్యాయమూర్తి సమక్షంలో ప్రమాణం చేస్తారు. ద్రౌపది ముర్ము 2022 జూలై 25న ప్రమాణం చేశారు, పదవీకాలం 2027 జూలై 24తో పూర్తవుతుంది.

ఎప్పుడు చూసినా జూలై 25నే ఎందుకు ప్రమాణం చేస్తారు? చట్టంలో ఉందా?

చట్టంలో లేదు. 1977 జూలై 25న సంజీవరెడ్డి ప్రమాణం చేశారు. ఆయనా, ఆయన తర్వాత వచ్చి దిగిపోయిన ప్రతి ఒక్కరూ ఐదేళ్లు పూర్తిగా ఉన్నారు. దాంతో తేదీ అలాగే నిలబడిపోయింది. ఎవరైనా మధ్యలో తప్పుకుంటే ఆ తేదీ మారిపోతుంది.

ఒకరు ఎన్నిసార్లు రాష్ట్రపతి కావచ్చు?

ఎన్నిసార్లయినా. ఆర్టికల్ 57 మళ్లీ పోటీ చేయొచ్చని చెబుతుంది, హద్దు పెట్టలేదు. అమెరికాలో రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదనే నియమం ఉంది, దాన్ని మనకు అంటగట్టి పరీక్షలో తప్పు రాస్తున్నారు. ఆచరణలో మాత్రం రెండోసారి ఎన్నికైంది బాబూ రాజేంద్రప్రసాద్ ఒక్కరే, 1952లో, 1957లో. 1950 జనవరి 26 నుంచి 1962 మే 13 దాకా ఉన్నారు.

ప్రధాని మారితే, లోక్‌సభ రద్దయితే రాష్ట్రపతి కూడా దిగిపోవాలా?

అక్కర్లేదు. సంజీవరెడ్డి ఐదేళ్లలో మొరార్జీ దేశాయ్, చరణ్‌సింగ్, ఇందిరాగాంధీ ప్రధానులుగా పనిచేశారు, మధ్యలో లోక్‌సభ రద్దయింది. ఆయన పదవీకాలానికి ఏమీ కాలేదు.

ఏదైనా రాష్ట్రంలో అసెంబ్లీ లేకపోతే రాష్ట్రపతి ఎన్నిక వాయిదా పడుతుందా?

పడదు. ఓటర్ల గణంలో ఖాళీలున్నాయన్న కారణంతో ఎన్నికను ప్రశ్నించకూడదని ఆర్టికల్ 71 చెబుతోంది. 1974లో గుజరాత్ అసెంబ్లీ రద్దయి ఉన్నా ఎన్నిక జరిగింది.

ఐదేళ్లు అయిపోయినా కొత్తవారు ప్రమాణం చేయకపోతే?

పాతవారే కొనసాగుతారు, కొత్తవారు బాధ్యతలు తీసుకునేదాకా. ఇక్కడ ఉపరాష్ట్రపతి రారు. చాలామంది తప్పు చేసే ప్రశ్న ఇది. పదవీకాలం ముగిసేలోపే ఎన్నిక పూర్తి చేయాలి, ముగియడానికి ముందు 60 రోజుల లోపు నోటిఫికేషన్ ఇవ్వొచ్చు.

## మధ్యలో ఖాళీ అయితే

రాష్ట్రపతి పదవిలో ఉండగా చనిపోతే ఏం జరుగుతుంది?

ఉపరాష్ట్రపతి తాత్కాలికంగా రాష్ట్రపతి బాధ్యతలు చూస్తారు. ఆ రోజుల్లో రాష్ట్రపతి జీతం, అధికారాలు ఆయనకే. రాజ్యసభ ఛైర్మన్‌గా మాత్రం కూర్చోరు. ఆరు నెలల లోపు కొత్త ఎన్నిక జరగాలి. 1969 మే 3న జాకిర్ హుస్సేన్, 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగా కన్నుమూశారు. రెండోసారి ఉపరాష్ట్రపతి బి.డి. జత్తి జూలై 25 వరకు చూసుకున్నారు.

ఆ సమయంలో ఉపరాష్ట్రపతి కూడా లేకపోతే?

భారత ప్రధాన న్యాయమూర్తి చూస్తారు. ఆయనా లేకపోతే సుప్రీంకోర్టు సీనియర్ న్యాయమూర్తి. ఇది 1969లో అవసరం కొద్దీ చేసిన చట్టం. జాకిర్ హుస్సేన్ తర్వాత బాధ్యతలు చూస్తున్న ఉపరాష్ట్రపతి గిరి పోటీ చేయడానికి జూలై 20న రాజీనామా ఇచ్చారు. ఉపరాష్ట్రపతిగా ఉండి పోటీ చేయొచ్చు, చట్టం అడ్డు పెట్టలేదు, అది ఆయన నిర్ణయం. దాంతో ప్రధాన న్యాయమూర్తి ఎం. హిదయతుల్లా ఆగస్టు 24 దాకా దేశాధినేత స్థానంలో ఉన్నారు. 2025లో జగదీప్ ధన్‌ఖడ్ జూలై 21న రాజీనామా చేసి, సి.పి. రాధాకృష్ణన్ సెప్టెంబర్ 12న ప్రమాణం చేసేదాకా ఉపరాష్ట్రపతి స్థానం ఖాళీగానే ఉంది. ఆ వారాల్లో అవసరం పడి ఉంటే ఈ చట్టమే అక్కరకొచ్చేది.

మధ్యలో గెలిచినవారు మిగిలిన కాలమే ఉంటారా? మా పంచాయతీలో ఉపఎన్నికలో గెలిస్తే అంతే కదా.

కాదు, పూర్తిగా ఐదేళ్లు. గిరి 1969 ఆగస్టు 24 నుంచి 1974 ఆగస్టు 24 దాకా ఉన్నారు.

రాష్ట్రపతి రాజీనామా ఎవరికి ఇస్తారు? ప్రధానికా?

ఉపరాష్ట్రపతికి, స్వహస్తంతో సంతకం చేసి. ఉపరాష్ట్రపతి ఆ సంగతి వెంటనే లోక్‌సభ స్పీకర్‌కి తెలియజేయాలి.

రాష్ట్రపతిని తీసేయొచ్చా?

రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తేనే, అభిశంసన ద్వారానే. ఏ సభలోనైనా మొదలుపెట్టొచ్చు. ఆ సభ మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు సంతకాలతో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఆమోదించాలి, హాజరైనవారిలో అనుకుంటే తప్పు. తర్వాత రెండో సభ విచారణ జరుపుతుంది. రాష్ట్రపతి స్వయంగా గానీ, తన తరఫున మరొకరి ద్వారా గానీ వాదన వినిపించుకోవచ్చు. అక్కడా మూడింట రెండు వంతులు వస్తే ఆ రోజు నుంచే పదవి పోతుంది. లోక్‌సభలో 543కి 362, రాజ్యసభలో 245కి 164.

ఎన్నికలో ఓటు లేని నామినేటెడ్ ఎంపీలకు ఇందులో ఓటుంది. ఎన్నికలో ఓటున్న ఎమ్మెల్యేలకు ఇందులో ఏ పాత్రా లేదు. ఇంతవరకు ఎవరినీ అభిశంసించలేదు.

## వివాదాలు, దిగిపోయాక

ఎన్నిక సరిగా జరగలేదని నేను కోర్టుకెళ్లొచ్చా?

మామూలు ఓటరు వెళ్లలేరు. పోటీ చేసిన అభ్యర్థి గానీ, ఓటున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు కనీసం 20 మంది కలిసి గానీ, ఫలితం ప్రకటించిన 30 రోజుల్లో సుప్రీంకోర్టుకే వెళ్లాలి. హైకోర్టుకి ఈ అధికారం లేదు. గిరి ఎన్నిక మీద ఇలాగే కేసు వేస్తే ఆయన రాష్ట్రపతిగా ఉండగానే 1970లో సుప్రీంకోర్టు ముందు సాక్ష్యం చెప్పారు. కోర్టు ఎన్నికను సమర్థించింది.

పదవిలో ఉండగా క్రిమినల్ కేసు పెట్టొచ్చా?

పదవీకాలంలో పెట్టడానికి లేదు, అరెస్టు చేయడానికీ లేదు. వ్యక్తిగత వ్యవహారాల మీద సివిల్ దావా వేయాలంటే రెండు నెలల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.

జీతం ఎంత? దిగిపోయాక ఏం ఇస్తారు?

2016 జనవరి నుంచి నెలకు 5 లక్షలు. పదవీకాలంలో దాన్ని తగ్గించడానికి వీల్లేదు. అద్దె లేని అధికార నివాసం ఉంటుంది. దిగిపోయాక జీతంలో సగం, అంటే నెలకు రెండున్నర లక్షలు పెన్షన్, ఉండటానికి ఇల్లు, సిబ్బంది, వైద్యం ఇస్తారు. మాజీ రాష్ట్రపతి మళ్లీ ఎన్నికల్లో నిలబడకూడదని రాజ్యాంగంలో ఎక్కడా లేదు.